ప్రోబ్ ఎవరి చేతికి అందుతోంది?

(ఒక విద్యార్థి అధ్యయన బృందం జరిపిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోస్టర్ మీద అంశం చూసి హాస్టల్లో ఒక చెల్లి అడిగింది: "అల్ట్రాసౌండ్ ట్రైనింగ్ డాక్టర్ల గొడవ కదక్కా, మనకెందుకు?" న్యాయమైన ప్రశ్నే. నేను డాక్టర్ని కాదు. వైద్యవిద్య ఎలా నడుస్తుందో, అందులో ఎవరు ఏం నేర్చుకోగలుగుతున్నారో సామాజిక శాస్త్రం వైపు నుంచి చదువుతున్న పరిశోధక విద్యార్థిని. కాబట్టి ఏ అవయవం తెర మీద ఎలా కనబడుతుందో చెప్పడం ఇవాళ నా పని కాదు. ఆ యంత్రాన్ని పట్టుకునే చెయ్యి ఎవరిది, ఆ చెయ్యి ఎవరి ఒంటి మీద పని నేర్చుకుంటోంది, నేర్చుకునే వరుసలో ముందు ఎవరు నిలబడుతున్నారు, గోడకానుకుని చూస్తూ ఉండిపోతున్నది ఎవరు? ఇదీ నా అంశం.

స్కానింగ్ అనగానే మనకు ఒక చీకటి గది గుర్తొస్తుంది. బయట బెంచీ మీద కడుపు నిండా నీళ్లు తాగి, పిలుపు కోసం చూస్తున్న గర్భిణులు గుర్తొస్తారు. నేను మాట్లాడేది దాని గురించి కాదు. పడక పక్క అల్ట్రాసౌండ్‌లో యంత్రమే రోగి దగ్గరికి వస్తుంది. క్యాజువాలిటీలోనో ఐసీయూలోనో లేబర్ రూములోనో రోగిని చూస్తున్న మనిషే ప్రోబ్ పట్టుకుని ఒక్క ప్రశ్నకు జవాబు వెతుక్కుంటారు. కడుపులో నెత్తురు చేరిందా? ఊపిరితిత్తి చుట్టూ నీరుందా? గుండె సరిగ్గా ముడుచుకుంటోందా? గర్భం సంచిలో ఉందా, ట్యూబులో ఉందా? నాలుగు పేజీల రిపోర్టు ఎవరూ అడగరు. ఔనా కాదా చెప్తే చాలు. డాక్టర్లు దీన్ని పాయింట్ ఆఫ్ కేర్ అల్ట్రాసౌండ్ అంటారు, వాడుకలో పోకస్. 1958లో గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ బృందం ధ్వని తరంగాలతో పొట్టలోని గడ్డలను, గర్భంలోని శిశువును చూపించింది. ఇప్పుడు జేబులో పట్టే ప్రోబ్‌ను ఫోనుకు తగిలించుకుని చూసే రోజులొచ్చాయి.

ఇది మనవాళ్లకు ఎందుకు పనికొస్తుందో ఒక ఉదాహరణ చెప్తాను. పాడేరు అవతల ఏదో గూడెంలో ఒకావిడకు పొద్దుట్నుంచి కడుపునొప్పి, కళ్లు తిరుగుతున్నాయి. నెల తప్పిన సంగతి ఆమెకే సరిగ్గా తెలియదు. అక్కడున్న ఆరోగ్య కేంద్రంలో గ్యాస్ అని ఇంజక్షన్ వేసి పంపిస్తే ఏమవుతుంది? ట్యూబులో నిలిచిన గర్భం పగిలి లోలోపల నెత్తురు పోతుంటే ఆమెకు మిగిలింది కొన్ని గంటలే. విశాఖ కేజీహెచ్ వందకు పైగా కిలోమీటర్ల దూరం. అదే, అక్కడున్న మనిషికి ప్రోబ్ పట్టడం వచ్చి ఉంటే ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి కుడి పక్కటెముకల కింద ఆనిస్తే చాలు. కాలేయానికీ కుడి మూత్రపిండానికీ మధ్య మామూలుగా ఖాళీ కనబడదు. నెత్తురు చేరితే అక్కడ నల్లటి చార పడుతుంది. ఆ చార చూసిన మనిషి కేజీహెచ్‌కి ఫోన్ చేసి "నెత్తురు సిద్ధంగా పెట్టండి, థియేటర్ తెరిచి ఉంచండి" అని చెప్పగలరు. ఆ చారను గుర్తుపట్టడానికి రేడియాలజీలో పీజీ చేసి ఉండాల్సిన పని లేదు. అలవాటైన చెయ్యి ఉండాలి.

అలవాటు ఎలా వస్తుంది? వీడియో చూస్తే రాదు. ప్రోబ్‌ను కలంలా పట్టుకోవాలి. చిటికెన వేలు, అరచేతి అంచు రోగి ఒంటి మీద ఆన్చి ఉంచాలి, లేకపోతే బొమ్మ జారిపోతుంది. ఒక్క వెంట్రుకవాసి వంచితే మూత్రపిండం మాయమవుతుంది. లావుగా ఉన్నవాళ్లకు ఎంత నొక్కాలి, నొప్పితో ఉన్నవాళ్లకు ఎంత నొక్కకూడదు, ఊపిరి ఎప్పుడు బిగబట్టమనాలి... ఇవన్నీ పక్కన నేర్పేవాళ్లు నిలబడి, మన చేతి మీద చెయ్యి వేసి తిప్పితేనే వస్తాయి. అమెరికాలో అత్యవసర వైద్యుల కాలేజీ పెట్టుకున్న ప్రమాణం ప్రకారం ఒక్కో రకం పరీక్షకు 25 నుంచి 50 స్కాన్లు, అవి కూడా తెలిసినవాళ్లు సరిచూసినవి, చేసి ఉండాలి. అంటే ఇది చేతి నుంచి చేతికి వెళ్లే విద్య. చేతి నుంచి చేతికి వెళ్లే ఏ విద్య అయినా ఈ దేశంలో ఏ దారిన వెళ్తుందో మనకు తెలుసు.

బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివినవాళ్లు ఈ గదిలో చాలామందే ఉంటారు. అందులో ఒక భాగం ఆయన సొంత అనుభవం కాదు, కాఠియావాడ్‌లోని ఒక దళిత బడిపంతులు రాసిన ఉత్తరం. 1929 డిసెంబరు 12 నాటి 'యంగ్ ఇండియా'లో అచ్చయింది. ఆ పంతులు భార్య ప్రసవమైన రెండు రోజులకు జబ్బుపడింది. ఊపిరి అందడం లేదు. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఊరి పెద్దలు చెప్పి, రెండు రూపాయల ఫీజుకు పూచీ పడ్డాక వచ్చాడు. అదీ బాలింతను వాడ బయటికి తీసుకొస్తేనే చూస్తానన్న షరతు మీద. రెండు రోజుల పసిగుడ్డుతో ఆమెను బయటికి తెచ్చారు. డాక్టరు థర్మామీటరు తీసి ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన భర్తకిచ్చాడు. భర్త భార్యకు పెట్టాడు. మళ్లీ అదే వరుసలో థర్మామీటరు వెనక్కి వెళ్లింది. దీపం వెలుగులో దాన్ని చూసి న్యుమోనియా అని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. తర్వాత మళ్లీ చూడ్డానికి రాలేదు. ఆమె చనిపోయింది.

దీన్ని మనం కుల క్రూరత్వానికి ఉదాహరణగా చదువుతాం. ఒకసారి వైద్యంగా కూడా చదవండి. న్యుమోనియా సంగతి తేల్చుకోవాలంటే ఆ రోజుల్లోనైనా వీపు మీద వేళ్లతో తట్టి చూడాలి, స్టెతస్కోపు ఆన్చి వినాలి. ఆ రెండూ జరగలేదు. ఆమె ఒంటి నుంచి డాక్టరు తీసుకున్నది ఒక్క అంకె. అంటరానితనం ఆమెను అవమానించింది, దాంతోపాటు రోగనిర్ధారణను కూడా చెడగొట్టింది. థర్మామీటరు చేతులు మారుతూ పోగలదు కాబట్టి ఆ డాక్టరుకు అది వీలైంది. అల్ట్రాసౌండ్ ప్రోబ్‌కు ఆ వీలు లేదు. చిటికెన వేలు రోగి ఒంటికి ఆనాల్సిందే. జెల్ రాయాల్సిందే. తర్వాత ఆ జెల్ ఎవరో ఒకరు తుడవాల్సిందే. ఎవరు తుడుస్తారు అన్నది చిన్న ప్రశ్నలా ఉంటుంది గానీ, నా ఫీల్డ్ నోట్సులో దానికి చాలా పేజీలే పోయాయి. టిష్యూ పేపరు రోగి చేతిలో పెట్టి తర్వాతి పడక దగ్గరికి నడిచేవాళ్లు ఉన్నారు. రోగి లేవలేని స్థితిలో ఉంటే ఆయాను పిలిచేవాళ్లున్నారు. తామే తుడిచి, చీర సర్ది, కనబడింది ఏమిటో రోగికి తెలుగులో చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ చివరివాళ్లను చూస్తే చదువు అంటే ఏమిటో అర్థమవుతుంది.

"ఇప్పుడు ఆ కాలం పోయింది, డాక్టర్లు అందరినీ తాకుతున్నారు" అంటారు. ప్రభుత్వాసుపత్రి పడక మీది శరీరాన్ని తాకడానికి ఎవరికీ అభ్యంతరం లేదన్నది నిజమే. పైగా దాని మీదే పని నేర్చుకుంటారు. ఎవరూ రాని శవాలు అనాటమీ హాలుకు వెళ్తాయి, జనరల్ వార్డు పడకలు క్లినిక్స్ బోధనకు వెళ్తాయి. ఆ పడకల మీద ఎవరుంటారో జనాభా లెక్కలు తీయక్కర్లేదు, వార్డులో ఒక పూట నిలబడితే చాలు. అడ్డంకి ఇప్పుడు వేరేచోట ఉంది. ఆ శరీరాల నుంచి పుట్టిన నైపుణ్యం తిరిగి ఆ వాడల పిల్లల చేతుల్లోకి వస్తోందా, ఆ వాడలకు వైద్యం చేసే నర్సుల చేతుల్లోకి వస్తోందా అన్న దగ్గర ఉంది.

పరిశోధనలో భాగంగా ఒక నగరంలో రెండు రోజుల అల్ట్రాసౌండ్ వర్క్‌షాపును దగ్గర కూర్చుని చూశాను. పేర్లు అనవసరం, ఇలాంటివి ప్రతి పెద్ద నగరంలోనూ జరుగుతుంటాయి. పొద్దున ఉపన్యాసాలు, మధ్యాహ్నం హ్యాండ్స్ ఆన్. ఫీజు వేలల్లో, పైన ప్రయాణం, గది. బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో ఉన్న మాట హ్యాండ్స్ ఆన్. నేను గడియారం పెట్టుకుని లెక్క వేశాను. చేత్తో చేసే సమయం నాలుగు గంటలు. ఒక్కో యంత్రానికి ఐదుగురు. సమానంగా పంచితే మనిషికి 48 నిమిషాలు. గుండె, ఊపిరితిత్తి, పొట్ట, రక్తనాళాలు అని నాలుగు బల్లలు. బల్లకు 12 నిమిషాలు. ఇది సమానంగా పంచితే వచ్చే లెక్క. అక్కడ ఎవరూ పంచడం లేదు. ఇంట్లో నర్సింగ్ హోమ్ ఉన్నవాళ్లు, అప్పటికే యంత్రం చేతికి అలవాటైనవాళ్లు ప్రోబ్ ఖాళీ కాగానే చెయ్యి చాచేవాళ్లు. వాళ్ల చెయ్యి తిరిగింది కాబట్టి నేర్పే డాక్టరుకు కూడా వాళ్లతో మాట్లాడ్డం హాయిగా ఉండేది. ఒక ప్రభుత్వ కాలేజీ నుంచి వచ్చిన మన పిల్లవాడు రెండు బల్లల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ అతన్ని వద్దనలేదు. వద్దనాల్సిన అవసరమే రాలేదు. టీ విరామంలో అడిగితే "పర్లేదక్కా, చూసి నేర్చుకుంటున్నాను" అన్నాడు. చూసి వచ్చేది కాదని ఇందాక చెప్పుకున్నాం.

ఇంకొక సంగతి. స్కాన్ నేర్పాలంటే పడుకోవడానికి మనుషులు కావాలి. వాళ్లను మోడల్స్ అంటారు. ఆ రోజు బల్లల మీద పడుకున్నవాళ్లలో ఎక్కువమంది హౌస్‌కీపింగ్ పని చేసేవాళ్లు. పొట్ట బల్ల దగ్గర నలభై దాటిన ఒకావిడ. ఆ మధ్యాహ్నం ఇరవై మంది ఆమె కాలేయాన్ని, మూత్రపిండాలను వెతికారు. జెల్ చల్లగా ఉందని రెండుసార్లు ఉలిక్కిపడింది. అందరూ వెళ్లాక చీర సర్దుకుంటూ నన్ను అడిగింది: "అంతమంది చూశారు గదమ్మా, లోపల అంతా బాగానే ఉందంటనా?" నేను వెళ్లి నేర్పిన డాక్టరును అడిగి వచ్చి, బాగానే ఉందట అని చెప్పాను. ఇరవై మందిలో ఒక్కరైనా ఆమెకే ఆ మాట చెప్పి ఉండొచ్చు. అది ఆ శిక్షణలో భాగమని వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

దీన్ని ఏదో ఒక వర్క్‌షాప్ నిర్వాకంగా తీసుకోకండి. ఎయిమ్స్ ఢిల్లీలో వివక్ష మీద ప్రొఫెసర్ సుఖదేవ్ థోరాట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక తీసి చూడండి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల ఫిర్యాదుల్లో పెద్ద భాగం రాత పరీక్షలకు బయట జరిగే వాటి గురించే. ప్రాక్టికల్స్, వైవా, పరీక్షకులు తమతో గడిపే సమయం, ఉపాధ్యాయులు పక్కన నిలబడి సాయం చేయడం. అంటే, కొలవడానికి వీలుకాని చోట్ల గురించి. వైద్యవిద్యలో ఆ చోటే అసలు చోటు. పుస్తకం అందరికీ ఒకటే. లేబర్ రూములో "రా, నువ్వు చెయ్యి" అని ఎవర్ని పిలుస్తారు అన్నది ఒకటి కాదు.

డాక్టర్ పాయల్ తడ్వి పేరు ఇక్కడ చెప్పకుండా ముందుకు పోలేను. ముంబైలో గైనకాలజీ పీజీ చేస్తున్న తడ్వి భిల్ యువతి. 2019 మే 22న ప్రాణం తీసుకుంది. ముగ్గురు సీనియర్ల మీద కేసు నడుస్తోంది, దాని మీద నేను తీర్పు చెప్పను. కుటుంబం చేసిన ఆరోపణల్లో కులం పేరుతో దూషణలున్నాయి. వాటితోపాటు, ఆమెను చికిత్సల్లో, కాన్పుల్లో చెయ్యి పెట్టనివ్వలేదన్న ఆరోపణ కూడా ఉంది. పత్రికలు మొదటిదాని గురించి ఎక్కువ రాశాయి. నా దృష్టిలో రెండోది కూడా అంతే పెద్దది. ఒక గైనకాలజిస్టును కాన్పుల నుంచి దూరం పెడితే ఆమె చేతిలో డిగ్రీ మిగులుతుంది, విద్య మిగలదు. పాయల్ తల్లి అబేదా తడ్వి, రోహిత్ తల్లి రాధిక వేముల కలిసి 2019లోనే సుప్రీంకోర్టు గడప తొక్కారు. ఆ ఇద్దరు తల్లులు అడిగిన దాంట్లో మనం ఇంకా పూరించాల్సిన వివరం ఇదేనని నా అభిప్రాయం. రిజర్వేషన్ మనల్ని సీటు దాకా తీసుకెళ్తుంది. సీటు నుంచి ప్రోబ్ దాకా ఉన్న రెండడుగుల దూరానికి ఏ రోస్టరూ లేదు.

ఇప్పుడు చట్టం దగ్గరికొద్దాం. ఇది కొంచెం చిక్కుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

మన దేశంలో అల్ట్రాసౌండ్ ఎవరు వాడొచ్చో నిర్ణయించేది ప్రధానంగా పీసీపీఎన్‌డీటీ చట్టం. 1994లో వచ్చింది, 2003 సవరణతో గట్టిపడింది. కడుపులో ఆడబిడ్డ అని తెలిస్తే తీయించేయడాన్ని ఆపడం కోసం పెట్టిన చట్టం. ఆరేళ్ల లోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 945 మంది, 2001లో 927, 2011లో 918. అమలు కోసం సెహత్, మాసూమ్ సంస్థలు, డాక్టర్ సాబు జార్జ్ 2000లో సుప్రీంకోర్టుకు వెళ్లాకే ప్రభుత్వాలు కదిలాయి. ఆడా మగా సంఖ్యల తూకం కులవ్యవస్థకు ఎందుకంత ముఖ్యమో 1916లోనే కొలంబియాలో చదివిన వ్యాసంలో బాబాసాహెబ్ విడమరిచారు. కాబట్టి ఈ చట్టాన్ని సడలించమని అడిగే డాక్టర్ల సంఘాల వెనక మనం నిలబడలేం. ఫారం ఎఫ్ నింపడం భారమనే వాదన 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయింది. ఓడిపోవడమే మంచిదయింది.

కానీ చట్టం ఆడబిడ్డను కాపాడాలని గీసిన గీత ఇంకో పని కూడా చేస్తోంది. పిండం ఆడో మగో చూపించగల సత్తా ఉన్న ఏ యంత్రమైనా రిజిస్టర్ కావాలి. అంటే ఐసీయూలో ఊపిరితిత్తులు చూడ్డానికి పెట్టుకున్నది కూడా. 2012 సవరణ ప్రకారం చేత్తో మోసుకుపోయే యంత్రాన్ని నమోదైన ఆవరణలో ఇన్‌పేషెంట్లకు వాడాలి, లేదా ఇతర వైద్యసేవలు కూడా అందించే సంచార వాహనంలో ఉంచాలి. గూడేనికి సంచిలో వేసుకుని వెళ్లడానికి లేదు. ఎంబీబీఎస్ డాక్టరు స్కానింగ్ చేయాలంటే ఆరు నెలల్లో 300 గంటల శిక్షణ పొందాలని 2014లో నియమాలు పెట్టారు. 2016లో ఢిల్లీ హైకోర్టు అవి చెల్లవంది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. ఈ వాదోపవాదాలన్నీ డాక్టర్లకీ డాక్టర్లకీ మధ్యే. నర్సు అనే మనిషి ఈ చిత్రంలో ఎక్కడా లేదు. ప్రోబ్ పట్టే అర్హత ఉన్నవాళ్ల జాబితాలోనే ఆమె లేదు.

ఒకసారి ఆలోచించండి. లింగ నిర్ధారణ నేరంలో పట్టుబడాల్సింది ఎవరు? యంత్రం, చదువు, క్లినిక్ ఉన్నవాళ్లు. ఆ నేరం భయంతో యంత్రానికి దూరంగా ఉంచబడింది ఎవరు? పల్లె దవాఖానాలో, విలేజ్ క్లినిక్‌లో ఒంటరిగా కూర్చున్న నర్సు. గర్భంతో సంబంధం లేని పరీక్షలకు, అంటే ఊపిరితిత్తుల్లో నీరు, దెబ్బ తగిలినవాళ్ల పొట్టలో నెత్తురు, దొరకని నరంలో సూది ఎక్కించడం లాంటి వాటికి నర్సులకు శిక్షణ ఇచ్చి, వాడిన ప్రతిసారీ యంత్రంలోనే రికార్డు పడేలా చేస్తే ఆడబిడ్డకు వచ్చే ప్రమాదం ఏమిటి? నరాలు చూడ్డానికి వాడే ప్రోబ్ పైపైనే చూడగలదు, లోతుకు పోదు. ఇది ఫిజిక్స్. చట్టం రాసినవాళ్లకు తెలియని ఫిజిక్స్ కూడా కాదు.

పక్కనే నేపాల్ ఉంది. అక్కడా కొడుకు మీద మోజు తక్కువేం కాదు, అక్కడా లింగ నిర్ధారణ నేరమే. అయినా ప్రభుత్వమే మారుమూల కొండ జిల్లాల్లో నర్సులకు గర్భిణుల స్కానింగ్‌లో శిక్షణ ఇచ్చి, చేత్తో మోసుకెళ్లే యంత్రాలతో పని చేయిస్తోంది. మాయ అడ్డం పడిందా, కవలలా, బిడ్డ ఎదురుకాళ్లతో ఉందా అని ముందే తెలిస్తే కొండ దిగడానికి టైముంటుంది. గర్భిణికి 24 వారాల లోపు ఒక్క స్కానైనా ఉండాలని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ ఒక్క స్కాన్ కోసం రోజు కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని జిల్లా కేంద్రానికి వెళ్లేది ఎవరో మీకు తెలుసు.

నర్సు అంటే మన దగ్గర కేవలం ఒక ఉద్యోగం పేరు కాదు. మన ఊళ్లలో కాన్పులు చేసిన మంత్రసానులు చాలాచోట్ల దళిత, మంగలి కులాల ఆడవాళ్లు. కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో చెప్పేవాళ్లు. బొడ్డు కోయడం మైల పని కాబట్టి వాళ్లకు వదిలేశారు. ఆ మైల పనే ప్రసూతి శాస్త్రం అయ్యాక, దానికి జీతం, గౌరవం వచ్చాక, వాళ్లను నిరక్షరాస్యులని పక్కకు నెట్టారు. తర్వాత మిషన్ ఆసుపత్రులు వచ్చాయి. గుంటూరులో అన్నా కుగ్లర్ నెలకొల్పిన ఆసుపత్రి లాంటివి. క్రైస్తవంలోకి వెళ్లిన మాల, మాదిగ కుటుంబాల ఆడపిల్లలకు నర్సింగ్ ఒక దారి అయింది. ఒంటిని తాకే పని, మలమూత్రాలు ఎత్తే పని అని అగ్రకులాలవాళ్లు చాలాకాలం రానిచోట మనవాళ్లు నిలబడ్డారు. ఇవాళ అదే నర్సు వార్డులో ప్రోబ్ తుడిచి, కడిగి, తీగ చుట్టి, ట్రాలీ మీద పెడుతుంది. యంత్రాన్ని తాకే హక్కు ఆమెకు ఉంది, శుభ్రం చేసే వరకు. తెర వైపు చూసి అర్థం చెప్పే హక్కు లేదు. పనిముట్టును శుభ్రం చేసేవాళ్లూ దాంతో విద్య చూపించేవాళ్లూ వేరువేరుగా ఉండాలన్న విభజనకు మన దేశంలో ఒక పాత పేరుంది.

రేడియాలజీ మిత్రులు ఒకరు నాతో వాదించారు. సగం నేర్చిన చెయ్యి ప్రమాదం, చార లేదని చెప్పి ఇంటికి పంపితే ఆ ప్రాణానికి బాధ్యత ఎవరిది అని. ఈ వాదనను నేను కొట్టిపారేయను. పోకస్‌లో "కనబడలేదు" అంటే "లేదు" అని అర్థం కాదు. ఈ ఒక్క మాట నేర్పకుండా ప్రోబ్ ఇవ్వడం నేరమే. పేదలకు సగం వైద్యం చాలులే అనే ధోరణి ఏ రూపంలో వచ్చినా మనం ఒప్పుకోకూడదు. అయితే ఆ వాదన చివరికి తేలేది శిక్షణ గట్టిగా ఉండాలనే కదా, శిక్షణే వద్దని కాదు. రెండు రోజుల హోటల్ వర్క్‌షాప్ సర్టిఫికెట్‌తో క్లినిక్‌లో కూర్చునేవాళ్ల గురించి వాళ్లకు లేని బెంగ, 48 నిమిషాల హ్యాండ్స్ ఆన్ గురించి లేని బెంగ, నర్సు పేరెత్తగానే ఎందుకు పుట్టుకొస్తుంది?

నేను అడుగుతున్నవి పెద్ద విప్లవాలేం కాదు. ఈ శిక్షణ ప్రభుత్వ ఆసుపత్రిలో, డ్యూటీ వేళల్లో, ఉచితంగా జరగాలి. యంత్రాలు అక్కడున్నాయి, రోగులు అక్కడున్నారు, నేర్పగలవాళ్లూ అక్కడే ఉన్నారు. హోటల్ ఎందుకు? పడుకున్న మనిషి దగ్గర, నేర్చుకోవడానికి ఇంకోసారి చూస్తామని చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. వద్దంటే వైద్యం ఆగదని చెప్పాలి. చూసింది ఆ మనిషికి చెప్పాలి. నర్సులకు, పల్లె క్లినిక్‌లలోని మిడ్ లెవెల్ వాళ్లకు గర్భేతర పరీక్షల్లో అనుమతి ఇచ్చేలా నియమాలు మార్చాలి. గర్భిణుల స్కానింగ్ విషయంలో నేపాల్ ఏం చేసిందో ప్రభుత్వం చదవాలి. అన్నిటికంటే ముందు, పీజీ లాగ్‌బుక్కులో ఎవరు ఎన్ని స్కాన్లు స్వయంగా చేశారు, ఎన్ని పక్కన నిలబడి చూశారు అని రెండు వేరు గడులుండాలి. ఆ లెక్క విభాగం నోటీసు బోర్డు మీద కనబడాలి. మార్కుల జాబితా పెడుతున్నారు కదా, చేతుల జాబితా పెట్టడానికి అభ్యంతరం ఏముంటుంది?

ఎస్సీ ఎస్టీ సెల్‌కు ఫిర్యాదు చేయాలంటే పిల్లలకు ఆధారం దొరకదు. "నన్ను చెయ్యనివ్వలేదు" అంటే "నువ్వే ముందుకు రాలేదు" అంటారు. మా వర్క్‌షాప్ పిల్లవాడి విషయంలో అచ్చం అదే అనగలరు. అంకె ఉంటే ఆ మాట అనడం కష్టం. అందుకే మెడికల్, నర్సింగ్ కాలేజీల్లో చదివే మన విద్యార్థుల కోసం మేము నలుగురం కలిసి ఒక ఫారం తయారు చేశాం. ఒకే ఒక్క పేజీ. తేదీ, వార్డు, ఏ పరీక్ష, ప్రోబ్ నా చేతిలో ఎన్ని నిమిషాలుంది, పక్కన నేర్పినవాళ్లు ఉన్నారా లేదా, చూసింది రోగికి చెప్పానా లేదా. పేరు రాయనక్కర్లేదు, కాలేజీ, సామాజిక వర్గం రాస్తే చాలు. ఆరు నెలలు నింపాక అన్నీ ఒకచోట పెట్టి చూద్దాం. దాంతోపాటు, విభాగాల వారీగా, వర్గాల వారీగా లాగ్‌బుక్ మొత్తాలు ఇమ్మని సమాచార హక్కు కింద దరఖాస్తులు వేస్తున్నాం. రాసి పెట్టిన నమూనా దరఖాస్తు కూడా ఉంది.

ఫారాలు వెనక బల్ల మీద ఉన్నాయి. నర్సింగ్ విద్యార్థులకు వేరుగా ఒకటి ఉంది, అది పసుపు కాగితం. వాళ్ల ఫారంలో ఒక గడి ఎక్కువ: ఈరోజు ప్రోబ్ ఎన్నిసార్లు శుభ్రం చేశాను. ఇప్పుడు ప్రశ్నలు అడగండి, ముందు వెనక వరుసలవాళ్లు.

జై భీమ్.